గెలిచిన కప్పులో మొదటి గుటక

మా భవాని పేట్‌లో కబడ్డీ మండలం, అంటే మా ఆటగాళ్ళ సంఘం, కప్పు గెలిస్తే దాన్ని తడపాలి. తడపడం అంటే అందులో మందు పోయడం. వెనకటి రోజుల్లో కల్లు పోసేవారట, ఇప్పుడు సీసాలో ఏది దొరికితే అది. మొదట రెండు చుక్కలు అమ్మవారి పేరు చెప్పి నేల మీద వదులుతారు. తర్వాతి గుటక చివరి పాయింటు తెచ్చిన ఆటగాడిది. అతను తాగాకే కప్పు మిగతావాళ్ళ చేతుల్లోకి వెళ్తుంది. అలా తడపకపోతే మరుసటి ఏడు కప్పు పేటలో నిలవదని మా పెద్దల నమ్మకం. నమ్మకం అని మర్యాదకు అంటున్నాను. నా నోటికి వచ్చే మాట వేరే ఉంది.

మేం తెలంగాణ నుంచి వచ్చి సోలాపూర్‌లో స్థిరపడిన నేతవాళ్ళం. మా ఇళ్ళలో కొత్త పడుగు మగ్గానికి ఎక్కించిన రోజు సాక పోయడం ఉండేది. అంటే అమ్మవారిని తలుచుకుని కాస్త కల్లు నేల మీద ధారగా పోయడం. మా నాయనమ్మ పోసేది, దండం పెట్టుకునేది, చేతులు కడుక్కుని కండెలు చుట్టడానికి కూర్చునేది. అక్కడితో సరి. నేల మీద పడాల్సిన ఆ ధార ఆటగాళ్ళ గొంతులోకి ఎప్పుడు తిరిగిందో నాకు ఎవరూ చెప్పలేదు. అడిగితే "అగో, మన పద్ధతి గదే కదా" అంటారు. పద్ధతి అన్నాక ఇక ప్రశ్న ఉండకూడదు.

నా తమ్ముడు టవళ్ళ కార్ఖానాలో పవర్‌లూమ్ నడుపుతాడు. పొద్దున్నే గ్రౌండ్, తర్వాత కార్ఖానా, సాయంత్రం మళ్ళీ గ్రౌండ్. మండలంలో అతనే పెద్ద రైడర్. కూతకు వెళ్ళేటప్పుడు ముందు తల వంచుకుని ఊరికే నడిచినట్టు వెళ్తాడు. అవతలివాళ్ళు వీడేం చేస్తాడులే అనుకునే లోపు కాలు చాచి ఒకరిని ముట్టుకుని గీత మీద పడతాడు. నేను బడిలో ఖోఖో ఆడినదాన్ని. మంచి కాలు ఏదో, అలిసిన కాలు ఏదో నాకు చూస్తేనే తెలుస్తుంది. వాడిది మంచి కాలు. ఆదివారం తాగి సోమవారం గ్రౌండ్‌కు వచ్చిన కుర్రాళ్ళను కూడా చూశాను. అదే మనిషి, అదే ఆట, కానీ చెయ్యి కాస్త ఆలస్యంగా లేస్తుంది, కళ్ళు చూసినదాన్ని కాలు ఆలస్యంగా అందుకుంటుంది. కబడ్డీలో ఆ కాస్త ఆలస్యం చాలు, నలుగురు కలిసి నేలకు అణచడానికి. తమ్ముడు ఆ గుంపులో లేడు. బాపు తాగి తాగి పోవడం చూసినవాడు కాబట్టి దాని జోలికి వెళ్ళేవాడు కాదు.

మా పేటలో మగవాళ్ళకు తాగడానికి సాకు వెతుక్కునే పని లేదు. మగ్గం ఉంది కదా. పొద్దంతా నిలబడి పని చేసినవాడికి ఒళ్ళు నొప్పులు, ఒళ్ళు నొప్పులకు మందు. బాపు కూడా అదే చెప్పేవాడు. నాకు ఒకటే సందేహం. మా ఆడవాళ్ళు తెల్లారింది మొదలు చాటలో ఆకు, పొగాకు పెట్టుకుని మెడ వంచి బీడీలు చుడతారు. అమ్మ చుడుతుంది, నేను చుడతాను, ఊరవతల కుంభారిలో, పెళ్ళయ్యాక నేనుండే కాలనీలో గడప గడపకూ చుడతారు. సాయంత్రానికి మెడ తిప్పలేం, నడుము ఎత్తలేం. మా నొప్పులకు ఏ మందు పోశారు? ఒక కప్పు టీ పెట్టుకుని తాగి వంటకు లేస్తాం. నొప్పి పోవాలంటే తాగాల్సిందే అయితే ముందు మాకు పోయాలి.

పోయినేడు చలికాలంలో పేటల మధ్య పోటీలు జరిగాయి. ఫైనల్ అయిన తర్వాతి వారంలోనే జిల్లా జట్టుకు ఎంపిక. మా ఇంట్లో అందరి ప్రాణం ఆ ఎంపిక మీదే ఉంది. జిల్లాకు ఆడితే రాష్ట్రం వాళ్ళ కళ్ళలో పడొచ్చు, స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగం రావచ్చు, ఆ దూది దుమ్ములోంచి, ఆ చప్పుడులోంచి వాడు బయటపడొచ్చు. అమ్మ ఆశ అదే, నా ఆశ అదే. వాడి ఆశ మాత్రం ఉద్యోగం కాదు. పెద్ద మ్యాట్ మీద, లైట్ల కింద, ఒక్కసారి కూతకు వెళ్ళాలి. వాడికి అంతకు మించి ఏమీ వద్దు.

ఫైనల్ చూడటానికి కుంభారి నుంచి బస్సులో వచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చున్నాను. చివరి కూతలో తమ్ముణ్ణి ముగ్గురు పట్టారు. వాడు వాళ్ళను ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చెయ్యి వేశాడు. గ్రౌండ్ అంతా ఒకటే కేకలు. వాడు మాత్రం లేస్తూ చేత్తో తొడ వెనక పట్టుకున్నాడు. అది చూసి నేను జనాన్ని తోసుకుంటూ వాడి దగ్గరికి వెళ్ళాను.

పోటీల దగ్గర ఒక డాక్టరమ్మను కూర్చోబెట్టారు. తొడ వెనక నొక్కి చూసి, కండరం కొంచెం బెణికింది, భయం లేదు అంది. ఐసు పెట్టి గట్టిగా పట్టీ కట్టింది. కాలు ఎత్తి పెట్టుకోవాలి, నీళ్ళు బాగా తాగాలి, కడుపు నిండా తినాలి, నిద్ర పోవాలి, అప్పుడు ఎంపిక నాటికి ఆడితే ఆడొచ్చు అని మరాఠీలో చెప్పింది. లేవబోతుంటే నన్ను వెనక్కి పిలిచి ఇంకో మాట చెప్పింది. ఈ రాత్రి వీణ్ణి మందు ముట్టనివ్వకు. దానితో రక్తనాళాలు వెడల్పవుతాయి, లోపల ఊరే రక్తం ఇంకా ఊరుతుంది, వాపు పెరుగుతుంది. నొప్పి తెలియదు కాబట్టి దెబ్బ తగిలిన కాలినే మళ్ళీ వాడతాడు. ఇంత విడమరిచి చెప్పిందంటే కప్పు తడపడం సంగతి ఆమెకూ తెలిసే ఉంటుంది.

మేం బయటికి రాగానే మండలం అధ్యక్షుడు ఎదురొచ్చాడు. పేట అంతటికీ ఆయన 'కాక', అంటే బాబాయి, నాకూ కాకే. గ్రౌండ్ గేటు మీద కట్టిన ఫ్లెక్సీలో నల్ల కళ్ళద్దాలతో ఆయన ముఖం ఇంత పెద్దది, కింద ఆటగాళ్ళ ముఖాలు గోరంతవి. ఆయన చేతిలో కప్పు, కప్పు నిండా మందు.

"కాకా, డాక్టరమ్మ వద్దన్నది. లోపల వాపెక్కువైతదట. వారంల సెలక్షన్ ఉంది" అన్నాను.

"డాక్టర్లు గట్లనే అంటరు బిడ్డా. సీసా తాగుమన్ననా? ఒక్క గుటక. అమ్మవారి ప్రసాదం. ప్రసాదానికి వాపొస్తదా?"

"ప్రసాదమైతే నువ్వు తాగు. కాలు బాగున్నోళ్ళు తాగుండ్రి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "అరే, అక్క ఆలీ రే, సంభాల్!" అని ఎవడో వెనక నుంచి మరాఠీలో అరిచాడు. అక్క వచ్చింది, జాగ్రత్త అని. ఆ నవ్వుకు తమ్ముడి ముఖం ఎర్రబడింది.

"ఒక్క గుటకే కదక్కా" అన్నాడు నా చెవిలో. "కాక మాట కాదంటే రేపు టీంల ఉండనిస్తరా? ఊకో జర."

వాడు తాగాడు. జబ్బలు చరిచారు, ఈలలు వేశారు. ఒక్క గుటక అన్నది ఒక్కటిగా ఎక్కడ ఆగింది? కప్పు చుట్టూ తిరిగి మళ్ళీ వాడి దగ్గరికే వచ్చింది. అంతకుముందు అలవాటు లేని ఒళ్ళు, పైగా పొద్దంతా ఆడి చెమటతో ఎండిపోయిన ఒళ్ళు. నీళ్ళు పోయాల్సిన చోట మందు పోశారు. మందు లోపలికి వెళ్ళి ఉన్న నీళ్ళను కూడా బయటికి తోస్తుందని తాగేవాళ్ళందరికీ తెలుసు, ఊరికే గోడ పక్కకు పోతుంటారు కదా. తెలిసి కూడా పోశారు.

కాసేపటికి డీజే మొదలైంది, ఊరేగింపు కదిలింది. తమ్ముడు పట్టీ విప్పి జేబులో కుక్కుకున్నాడు.

"నొప్పి పోయిందక్కా! సూడు!" అని నా ముందే గెంతి చూపించాడు.

కాక నా వైపు తిరిగాడు. "సూసినవా బిడ్డా? మీ డాక్టరమ్మ పట్టీ కడితే పోలే. ఒక్క గుటకకు పోయింది."

ఆ కాలితో వాడు పేట పొడుగునా చిందులేస్తూ నాచాడు. భుజాల మీద ఎక్కించుకున్నారు, దించారు, మళ్ళీ నాచించారు. నేను పక్కన నడుస్తూ చేయి పట్టి లాగుతుంటే నన్నే పక్కకు జరిపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా తమ్ముడి తొడ లోపల ఏం జరుగుతోందో అక్కడ నాకొక్కదానికే పట్టింది.

ఆ రాత్రి అమ్మ ఇంట్లోనే ఉండి పొద్దున చూస్తే తొడ నీళ్ళలో నానిన బీడీ ఆకుల కట్టలా ఉబ్బి ఉంది. మోకాలి దాకా నల్లగా కమిలింది. వాడు కాలు కింద పెట్టలేక గోడ పట్టుకున్నాడు. తల పగిలిపోతోందన్నాడు, ఏం తిన్నా వాంతి. కాక కబురు విని సీసా పంపించాడు. దాంతో పాటు వైద్యం కూడా పంపించాడు. సగం కాలికి రుద్దాలి, సగం కడుపులోకి పోవాలి. మా పేటలో బెణుకుకు చేసే వైద్యం అదే. మగ్గం మీద చెయ్యి మడతపడ్డా అదే, మెట్ల మీద జారినా అదే. పైన రుద్దింది లోపలికి దిగుతుంది, లోపల పోసింది పైకి వస్తుంది, మధ్యలో ఎక్కడో కలుసుకుని నొప్పిని పట్టుకుంటాయట!

అమ్మే రుద్దింది. నేను సీసా లాక్కుంటే నా మీదే కేకలు వేసింది.

"మీ బాపు ఏండ్లకేండ్లు గిదే రుద్దుకున్నడు. మగ్గం నడిపిండా లేదా?"

"నడిపిండమ్మా. నడిపి నడిపి ఏమైండు?"

అమ్మ ఇంకాస్త అరచేతిలో పోసుకుంది. రుద్దడం ఆపలేదు. ఆమె మీద నాకు కోపం నిలవదు. కొడుకు నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఆమెకు తెలిసిన మందు అదొక్కటే, దాన్ని ఆమెకు నేర్పింది ఈ పేటే. నా కోపమంతా నేర్పినవాళ్ళ మీద.

ఎంపిక దాకా వాడు ఆ వైద్యం మీదే ఉన్నాడు. తాగితే నొప్పి తెలియదు, తెలియదు కాబట్టి గ్రౌండ్‌కు వెళ్ళేవాడు. సాయంత్రాలు పెందలాడే పడుకునేవాడు. చూసినవాళ్ళు హాయిగా నిద్ర పోతున్నాడనుకునేవారు. అమ్మ చెప్పేది, మధ్యలో లేచి కూర్చుంటాడట, గొంతు ఎండిపోతోందంటాడట, ఒళ్ళంతా చెమటలట. పొద్దున లేస్తే పడుకోని మనిషిలా ఉండేవాడు. నేను వచ్చి అరిచిన రోజు సరేనని తల ఊపేవాడు. నా బస్సు కదిలిందో లేదో కాక మనుషులు వచ్చేవారు. "టెన్షన్ నకో ఘేవూ రే, నువ్వు మన షేర్‌వి" అని వీపు తట్టేవారు. దిగులుపడకు, నువ్వు మన సింహానివి అని. ఆ సింహం నడవలేకపోతున్నాడని ఒక్కడైనా చూడలేదు.

ఎంపిక రోజు వాడి మొదటి కూత చూశాను. అదే నడక, అదే వంచిన తల. కాలు మాత్రం చాచాల్సిన క్షణానికి చాచలేదు. చెయ్యి గాలిని తాకింది. ఒంట్లోని తాగుడు ఇంకా వదల్లేదని నాకు తెలిసిపోయింది, అవతల కూర్చుని చూస్తున్న సెలెక్టర్లకూ ఏదో తెలిసే ఉంటుంది. రెండో కూతలో కోపంగా వెళ్ళాడు. కాలు విసిరాడు. విసిరిన కాలుతో పాటు తనూ పడిపోయాడు. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ ముట్టుకోలేదు. ఒక్కడే మ్యాట్ మీద తొడ పట్టుకుని గింజుకున్నాడు. వాడు కలగన్న పెద్ద మ్యాట్ అది. బెణికిన కండరం ఈసారి చిరిగింది.

మండలం పెద్దలంతా కూర్చుని కారణం తేల్చారు. దిష్టి తగిలిందట. ఊరేగింపులో వేరే పేటవాళ్ళ కళ్ళు పడ్డాయట. మా గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టడానికి కాక తనే వచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఎవరి దిష్టి కాకా? ఊరేగింపుల నాచిందెవరు, నాచించిందెవరు? డాక్టరమ్మ చెప్పిన మాట నేను నీకు చెప్పలేదా?"

"గట్ల గరం కాకు బిడ్డా. ఆటల దెబ్బలు తగుల్తయి."

"ఆటల తగిలిన దెబ్బ వారంల మానేది. నువ్వు పోసిన దెబ్బకు ఎన్ని నెలలు పడ్తదో డాక్టరే చెప్పలేకపోతున్నడు. ఆ నిమ్మకాయ తీస్కపోయి నీ కప్పుకు కట్టుకో."

గల్లీ అంతా తలుపుల్లో నిలబడి చూసింది. ఆడపిల్లకు ఇంత నోరా అన్నారు, పెళ్ళై పోయినదానికి పుట్టింటి సంగతులెందుకన్నారు. కాక తాగించినప్పుడు ఎవరికీ నోరు లేవలేదు, నేను అడిగినప్పుడు అందరికీ లేచింది. 

ఆ తర్వాత అంతా ఆసుపత్రి చుట్టూ తిరగడమే. అక్కడి ఎముకల డాక్టరు పెద్దాయన, ఓపిక ఉన్నవాడు. తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. కండరం మనం తినే తిండితోనూ, పోయే నిద్రలోనూ మళ్ళీ కట్టుకుంటుంది, తాగుడు ఆ రెంటినీ చెడగొడుతుంది, కట్టుకునే పనినే నెమ్మది చేస్తుంది అని. తాగకుండా ఉండి, చెప్పిన కసరత్తులు చేస్తే మళ్ళీ ఆడతావు, కాలు నీ మాట వింటుంది అని మాటిచ్చాడు. తమ్ముడు తల ఊపాడు. ఆ మాట పట్టుకుని నేను నెలల తరబడి కుంభారి నుంచి భవాని పేట్‌కు తిరిగాను. బీడీలు చాటలోనే వదిలి వచ్చిన రోజులున్నాయి. మా ఆయన ఒక్క మాట అనలేదు, అది ఆయన మంచితనం.

వాడు నేసిన టవలునే పాదానికి వేసి కాలు లాగి కసరత్తు చేయించేదాన్ని. పళ్ళు బిగించి చేసేవాడు. "ఇంకొంచెం రా, ఇంకొంచెం" అంటే నవ్వేవాడు. మోకాలు కొంచెం కొంచెంగా చాచుకోసాగింది, గోడ వదిలాడు, మెట్లెక్కాడు. ఆ నవ్వు చూసి నేను నమ్మాను. నేను లేని సాయంత్రాల్లో కాక మనుషులు వస్తూనే ఉన్నారని, "నొప్పిగుందా రే?" అని అడిగి చెంబులో కాస్త పోసి వెళ్తున్నారని తెలుస్తూనే ఉండేది. అమ్మను నిలదీస్తే "పిల్లగాడు దర్దని ఏడుస్తుండు, ఏం జెయ్యాలె" అనేది. నేను వాళ్ళతో కొట్లాడాను, చెంబు విసిరికొట్టాను, తలుపుకు లోపల గడియ పెట్టించాను. కాలు మానితే అంతా సర్దుకుంటుందని అనుకున్నాను. నొప్పి పోతే మందుతో పనేముంది?

మొన్న చివరిసారి చూపించడానికి వెళ్ళాం. డాక్టరు వాడితో ఒంటి కాలి మీద గెంతించాడు, కూర్చోబెట్టి లేపాడు, వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తించాడు. తొడ వెనక బలంగా నొక్కుతూ నొప్పి ఉందా అని అడిగాడు. డాక్టరు తమ్ముడి ముఖం చూస్తూ ఇంకోచోట నొక్కాడు, వాడు కనురెప్ప కూడా ఆడించలేదు. రెండు కాళ్ళూ ఒకటే అయ్యాయి, రేపటి నుంచి గ్రౌండ్‌కు వెళ్ళొచ్చు అన్నాడు డాక్టరు. నేను డాక్టరు కాళ్ళకు దండం పెట్టబోతే వారించాడు. సంతోషంతో ఏడుపు ఆగలేదు. మళ్ళీ ఎంపికలు వస్తాయి, వాడికింకా వయసుంది, కాక ముఖం మీదే ఆడి చూపిస్తాడు అని ఏవేవో అనుకుంటూ ఆటో ఎక్కాను.

 పేట దగ్గర పడుతుండగా తమ్ముడు ముందుకు వంగి డ్రైవర్ భుజం తట్టాడు.

"దాదా, జర గీడ ఆపు."

"ఎందుకురా?"

"కాలు గుంజుతుందక్కా. జర దవా తెచ్చుకుంట."

రోడ్డుకు అవతల ఉన్నది మందుల షాపు కాదు. ఇనుప జాలీ వెనక సీసాలు పేర్చిన దుకాణం.

"ఏ కాలురా? డాక్టరు ఇప్పుడే సూడలేదా? మంచిగైందనలేదా?"

"డాక్టరుకేం ఎరుక? దర్ద్ నాది" అన్నాడు. నా ముఖం చూడలేదు.

నేను చొక్కా పట్టుకున్నాను, వాడు విడిపించుకుని దిగాడు. పేరు పెట్టి అరిచాను. చద్దర్ల బేళ్ళు నింపుకున్న టెంపో ఒకటి వస్తోంది, దాని వెనక సిటీ బస్సు. వాడు ఒక్క క్షణం ఆగి, తల వంచి, రెండింటి మధ్య సందులోంచి ఒడుపుగా తప్పుకుని, ఒక్క అంగలో డివైడర్ దాటి అవతలి వైపుకు చేరాడు. ఒక్క అడుగు కూడా కుంటలేదు.